చూడాల్సినవి, చూడాల్సినవాళ్ళు

"నర్సాపురం కవర్ చేసేశాం బ్రో. నీ డాక్ సూపర్."

ఆగస్టులో ఒక ఆదివారం రాత్రి మా టీమ్ గ్రూపులో వచ్చిన మెసేజ్ ఇది. కింద పదిహేను ఫోటోలు. గోదావరి, పంటు, సముద్రం, అరిటాకులో చేపముక్క. నేను ఒక లవ్ సింబల్ పెట్టి పడుకున్నాను. నేను రాసినదాన్ని ఎవరైనా చదివి అచ్చం అలాగే ఆచరించడం అదే మొదటిసారి. పుస్తకాల మీద రాసే వ్యాసాలకి ఇంత రెస్పాన్స్ ఎప్పుడూ రాలేదు. కాబట్టి ఈసారి నేను విమర్శకి తీసుకున్న రచన అదే: నేనే రాసిన ‘నర్సాపురం: ఒక్కరోజులో’ అనే ఒక పేజీ షేర్డ్ డాక్.

ఇది విమర్శకి తగిన రచనేనా అని మీకు అనుమానం రావచ్చు. మనలో చాలామందిమి ఏడాదికి చదివే కవిత్వం కంటే ఎక్కువగా చదివేది ఈ ఐటినరీలనే. వారాంతం ముందు చదువుతాం, నమ్ముతాం, దాని ప్రకారం నడుస్తాం, తిరిగొచ్చి ఇంకొకరికి ఫార్వర్డ్ చేస్తాం. ఒక ఊరు అంటే ఏమిటో ఇవాళ ఎక్కువమందికి చెబుతున్న వాక్యాలు కథల్లో లేవు, ఈ జాబితాల్లో ఉన్నాయి. అలాంటప్పుడు వాటిని కథని చదివినంత శ్రద్ధగా చదివితే తప్పేముంది?

ముందు రచన పూర్తిపాఠం. నాదే కనుక ఎవరి అనుమతీ అక్కర్లేదు.

7:00 – రైలు దిగి ఫ్రెషప్
8:00 – టిఫిన్: దిబ్బరొట్టె, అల్లం చట్నీ. మిస్ అవ్వొద్దు
9:00 – ఎంబెరుమన్నార్ గుడి
10:00 – గోదావరి గట్టు, ఫోటోలు
11:00 – లేసు షాపింగ్, అరగంట చాలు
11:45 – పంటు మీద సఖినేటిపల్లి. మస్ట్ ఎక్స్‌పీరియన్స్
12:30 – అంతర్వేది: గుడి, లైట్‌హౌస్, అన్నాచెల్లెళ్ళ గట్టు
3:00 – లంచ్: చేపల పులుసు. సీజన్ అయితే పులస
5:30 – సూర్యాస్తమయం టైమ్‌కి మళ్ళీ పంటు
రాత్రి – తిరుగు రైలు

మొదటి సంగతి: ఇందులో కర్త లేడు. ఎవరు దిగుతారు, ఎవరు తింటారు, ఎవరు వండుతారు, ఎవరు పంటు నడుపుతారు? పది వరసల్లో ఒక్క మనిషి లేడు. ఉన్న రెండే బంధువులు ‘అన్నాచెల్లెళ్ళు’, వాళ్ళు కూడా గోదావరి సముద్రంలో కలిసేచోట ఉన్న గట్టు పేరులో ఇరుక్కున్నారు. రెండో సంగతి: టైమ్ కాలమ్. పొద్దున్నే స్టాండప్ మీటింగ్ పెట్టుకునే బుద్ధి ఊరి మీద కూడా పనిచేస్తుంది. ఒక వరసకీ ఇంకో వరసకీ మధ్య పదిహేను నిమిషాల బఫర్ కూడా పెట్టాను చూడండి. అంటే ఆలస్యం జరగొచ్చని నాకు తెలుసు. ఆ ఆలస్యం ఒక మనిషి వల్ల జరగొచ్చని మాత్రం తట్టలేదు.

మూడోది కొంచెం సిగ్గుపడాల్సిన విషయం. ఈ డాక్ రాసేనాటికి నేను నర్సాపురం వెళ్ళి పద్దెనిమిదేళ్ళయింది. అది మా అమ్మ పుట్టిన ఊరు. చిన్నప్పుడు వేసవి సెలవులకి వెళ్ళేవాణ్ణి. కానీ ఆ జ్ఞాపకాల్లోంచి ఒక్క వరసే వచ్చింది, దిబ్బరొట్టె. మిగతా తొమ్మిదీ ఇంకో నాలుగైదు ఐటినరీలు చూసి కూర్చినవి. వాటిని రాసినవాళ్ళు కూడా ఇంకెవరివో చూసి కూర్చి ఉంటారని నా అనుమానం. ఎందుకంటే అన్నిట్లోనూ ‘మస్ట్ ఎక్స్‌పీరియన్స్’ అనే మాట అదే చోట వస్తుంది.

*

కార్తీకమాసంలో అమ్మ గోదావరిలో దీపం వదలాలంది. డాక్ ఎలాగూ ఉంది కదా అని ఇద్దరికీ టికెట్లు తీశాను. హైదరాబాద్‌లో సాయంత్రం దాటాక రైలెక్కితే పొద్దున్నకి నర్సాపురం. ఆ వైపు పట్టాలు ఇప్పటికైతే అక్కడితో ఆఖరు, కాబట్టి నిద్రపోయినా స్టేషన్ దాటిపోతుందన్న భయం లేదు. బెర్తు మీద కూర్చుని అమ్మకి ఫోన్‌లో డాక్ చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని పైనుంచి కిందికి చదివింది. మళ్ళీ ఒకసారి పైకి వెళ్ళింది.

"ఇందులో ఎవర్నీ చూడవేంట్రా?" అంది.

నాకు ముందు అర్థం కాలేదు. చూడాల్సినవన్నీ ఉన్నాయి కదమ్మా అన్నాను.

"చూడాల్సినవి ఉన్నాయి. చూడాల్సినవాళ్ళు లేరు. మీ దొడ్డమ్మని చూడకుండా వచ్చేస్తే ఊళ్ళో ఏమనుకుంటారు?"

విమర్శ పేరుతో నేను ఇప్పటిదాకా రాసినవాటిలో ఇంత కచ్చితమైన వాక్యం ఒక్కటీ లేదు. తెలుగులో ‘చూడటం’ అనే క్రియ గుడికీ సముద్రానికీ ఎంత సరిపోతుందో మనిషికీ అంతే సరిపోతుంది. ఒంట్లో బాగోలేనివాళ్ళని చూసొస్తాం. బాలింతని చూసొస్తాం. పెళ్ళికి పిల్లని చూస్తాం (ఆ చూపులో ఉన్న హింస వేరే వ్యాసం). ముసలితనంలో అమ్మానాన్నల్ని ఎవరు ‘చూస్తున్నారు’ అని అడుగుతాం, అక్కడ చూడటమంటే పోషించడం. ఇంత పని చేసే క్రియని ఐటినరీ తీసుకుని, దానికి నపుంసకలింగ బహువచనం ఒక్కటే మిగిల్చింది. చూడాల్సిన‘వి’. ఆ ఒక్క అక్షరంతో దొడ్డమ్మ జాబితాలోంచి జారిపోయింది. నేను ఆవిణ్ణి కావాలని తీసెయ్యలేదు. ఆ ప్రక్రియలో ఆవిడకి కాలమ్ లేదు.

*

ఐటినరీ అనే ప్రక్రియే ఇంతేనా, లేక మనం దాన్ని ఇలా చేశామా అని చూడ్డానికి, మనకున్న పాత ఐటినరీని తీసి మళ్ళీ చదివాను. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటర్‌గా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో బయల్దేరి, కాశీ చూసుకుని 1831 సెప్టెంబర్‌లో తిరిగి మద్రాసు చేరారు. దారి పొడుగునా స్నేహితుడికి రాసిన ఉత్తరాలు 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయ్యాయి. సాహిత్య చరిత్రల్లో దానికి గౌరవమైన స్థానం ఉంది గానీ, పేజీలు తిప్పితే చాలాచోట్ల అది అచ్చమైన ఐటినరీయే. ఈ మజిలీ నుంచి ఆ మజిలీకి ఎంత దూరం, దారి ఎలాంటిది, దిగడానికి వసతి ఉందా, సరుకులు దొరుకుతాయా, ఊళ్ళో ఎవరి ఇళ్ళున్నాయి. పొడిగా, వరసగా, తర్వాత వెళ్ళేవాడికి పనికొచ్చేలా.

అయినా ఆ జాబితాలో మనిషి ఉన్నాడు. అది ఒకరికి రాసిన ఉత్తరం కావడం మొదటి కారణం. రెండోది, తన ప్రయాణం ఎవరి భుజాల మీద సాగుతోందో ఆయనకి తెలుసు. పల్లకీ మోసే బోయీలు ఆ పుస్తకంలో కనిపిస్తారు. ఆయన చూపుకి పరిమితులు లేవని కాదు. తన కులం వాళ్ళ ఇళ్ళు ఎక్కడున్నాయో లెక్కపెట్టుకుంటూ వెళ్ళిన చూపు అది, అన్ని ఇళ్ళూ లెక్కలోకి రావు. కానీ దారి ఖర్చు ఒకరు చేసే పని అని ఆయన జాబితా మర్చిపోలేదు. నా డాక్‌లో పంటు టికెట్ ధర కూడా ఉండేది, తర్వాత స్పేస్ సరిపోక తీసేశాను. బోయీల బదులు ఇప్పుడు క్యాబ్ ఉంది, దాన్ని నడిపే మనిషి యాప్‌లో ఒక రేటింగ్.

*

పొద్దున ఎనిమిది వరకూ డాక్ బాగానే నడిచింది. దిబ్బరొట్టె అడుగు ఎర్రగా కాలి, లోపల మెత్తగా, నా జ్ఞాపకానికి అన్యాయం చెయ్యకుండా ఉంది. గుడయింది. రేవులో అమ్మ దీపం వదిలింది. మెట్ల మీద తడి, అమ్మకి మోకాళ్ళ నొప్పులు. దిగి ఎక్కడానికే ముప్పావుగంట పట్టింది. అప్పుడు గమనించాను, ఈ డాక్ ముప్పై దాటని మోకాళ్ళ కోసం రాసిందని.

పదకొండుకి ‘లేసు షాపింగ్, అరగంట చాలు’. దాని బదులు ఆటో ఎక్కి దొడ్డమ్మ ఇంటికి వెళ్ళాం.

"ఎప్పుడొచ్చేరే? ఫోను చెయ్యకూడదా, కూరేమైనా చేసుంచేదాన్ని కదా," అంటూ దొడ్డమ్మ తలుపు దగ్గరే అమ్మ చెయ్యి పట్టుకుంది. నా మొహం దగ్గరికి మొహం పెట్టి చూసింది. "చిన్నాడేనా? బాగా ఒళ్ళు చేసేడు."

అంత దగ్గరికి రాకపోతే ఆవిడకి కనపడదు. నలభై ఏళ్ళు లేసు అల్లిన మనిషి. ఏజెంటు దారం ఇచ్చి వెళ్ళేవాడట, అల్లింది తీసుకుని పీసుకి ఇంతని ఇచ్చేవాడట. మధ్యాహ్నం అన్నాలయ్యాక వీధి అరుగు మీద ఆడవాళ్ళంతా కూర్చుని అల్లుతుంటే, ఆ దారం ఉండల్ని నేను బంతుల్లా దొర్లించి తిట్లు తిన్నట్టు నాకే గుర్తుంది. నా జ్ఞాపకంలో అది ఆడవాళ్ళు కబుర్లు చెప్పుకునే టైమ్. పని అని ఎప్పుడూ అనుకోలేదు.

ఆ అపోహ నా ఒక్కడిదే కాదు. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివర్లో ఈ ప్రాంతంలో ఉండి చేసిన పరిశోధన 1982లో ‘ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ అనే పుస్తకంగా వచ్చింది. ప్రపంచంలో చాలామంది స్త్రీవాద విద్యార్థులు గోదావరి పేరు వినకపోయినా నర్సాపురం పేరు విన్నది దానివల్లే. మిషనరీల ద్వారా పంతొమ్మిదో శతాబ్దంలో వచ్చిన ఈ అల్లిక విదేశాలకి ఎగుమతయ్యే పరిశ్రమగా పెరిగింది. అల్లే ఆడవాళ్ళని మాత్రం ఎవరూ కార్మికులనలేదు. ఇంట్లో ఉండే గృహిణులు, ఖాళీ టైమ్‌లో ఏదో అల్లుకుంటారు అన్నారు. ఖాళీ టైమ్ పని కాబట్టి కూలి కూడా అలాగే ఉండేది. ఘోషా పాటించే కుటుంబాల్లో అయితే గడప దాటకుండా సంపాదించడం ఒక పరువు కూడా. సరుకు సముద్రాలు దాటింది, అల్లినవాళ్ళు అరుగు దాటలేదు. మీస్ వాదన సారం ఇది: ‘గృహిణి’ అనే పేరే ఆ చవక కూలిని నడిపిన యంత్రం.

ఇప్పుడు నా వరస మళ్ళీ చదవండి. ‘లేసు షాపింగ్, అరగంట చాలు’. మీస్ ఒక పుస్తకం రాసి చూపించినదాన్ని నేను నాలుగు మాటల్లో మళ్ళీ కప్పేశాను. నర్సాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషమే. ఆ గుర్తింపు ఊరి పేరుని కాపాడుతుంది. వేళ్ళ పేరు అందులో ఉండదు.

"కళ్ళు దారంలో పోయేయిరా," అంది దొడ్డమ్మ, మాకు టీ ఇస్తూ, పెద్ద ఫిర్యాదు లేకుండా. డాక్టర్లు వేరే కారణాలు చెప్పొచ్చు. ఆవిడ తన లెక్క తను చెప్పింది. నేను చూడాల్సిన మనిషి నన్ను చూడ్డానికి మొహం దగ్గరికి తెచ్చుకోవాల్సి రావడం, అది నా డాక్‌లో ఎక్కడ రాయను?

*

మధ్యాహ్నం రెండయింది. దొడ్డమ్మ కొడుకు, మా అన్నయ్య, వచ్చాడు. పంటు ఎక్కుతామన్నాం, మస్ట్ ఎక్స్‌పీరియన్స్ అంట అని నవ్వాను. అన్నయ్య నవ్వలేదు.

"నీకు ఎక్స్‌పీరియన్సు. మాకు వంతెన లేకపోవడం."

సఖినేటిపల్లి అవతలి గట్టే. పంటు దిగితే 2022 తర్వాతి లెక్కలో జిల్లానే మారిపోతుంది, కోనసీమ. అక్కడ వంతెన కావాలని దశాబ్దాలుగా అడుగుతున్నారు. గోదావరికి వరదొచ్చి పంటు ఆపేస్తే చించినాడ వంతెన చుట్టూ తిరిగి వెళ్ళాలి. రోజూ దాటే పిల్లలు, చేపలమ్ముకునేవాళ్ళు, ఆస్పత్రికెళ్ళేవాళ్ళు ఆ చుట్టూ తిరుగుతారు. నా సూర్యాస్తమయం ఫోటో ఆ లేమి మీద తేలుతోంది. ఒకవేళ రేపు వంతెన వచ్చేస్తే ఐటినరీలన్నీ ‘ఒకప్పటి పంటు అందాలు’ అని బాధపడతాయి, ఆ బాధని కూడా మనం షేర్ చేస్తాం.

తిండి వరసది కూడా ఇదే కథ. పులస గురించి రాసే ప్రతివాడూ ‘పుస్తెలమ్మైనా పులస తినాలి’ అనే సామెత వేస్తాడు. నా మిత్రులు ఆగస్టు ఫోటో కింద అదే రాశారు. సముద్రం నుంచి వరద నీటికి ఎదురీదుకుంటూ గోదావరిలోకి వచ్చే చేప, వానాకాలం కొన్ని వారాలే దొరుకుతుంది, కిలో వేలల్లో ఉంటుంది. సామెతకి అంత బలం ఉంది. కానీ దాన్ని కొంచెం ఆగి చదవండి. పుస్తెలు ఎవరివి? అమ్మేది ఎవరు? పులుసు పెట్టి, చివర్లో మిగిలింది తినేది ఎవరు? ఆ రోజు అమ్మ, దొడ్డమ్మ తిన్నది కార్తీకం కాబట్టి వంకాయ కూర, పప్పు. అరగంటలో వండేశారు, ఇద్దరూ మాట్లాడుకుంటూనే. ఆ ఇంట్లో రెండు మంగళసూత్రాలు దాటిన కష్టాల గురించి మాట్లాడుకున్నారు, నేను విననట్టు ఫోన్ చూసుకున్నాను. చేప లేని ఆ భోజనం ఏ ఫుడ్ లిస్టులోకీ ఎక్కదు.

*

తిరిగొచ్చాక డాక్‌ని సరిచేద్దామని కూర్చున్నాను. పదకొండు గంటల వరస చెరిపి ‘లేసు అల్లే ఒక పెద్దావిడ ఇంట్లో రెండు గంటలు, ఆమె కథ వినండి’ అని టైప్ చేశాను. చదువుకుంటే ఒళ్ళు జలదరించింది. ఇదింకా ఘోరంగా ఉంది. దొడ్డమ్మ కూడా ‘మస్ట్ ఎక్స్‌పీరియన్స్’ అయిపోయింది. రేపు ఎవరో వెళ్ళి ఆవిడ వేళ్ళకి క్లోజప్ తీస్తారు. ఈ ప్రక్రియ ఆకలి అలాంటిది, దానికి విరుగుడుగా ఏది వేసినా అరిగించుకుని ఇంకో వరస చేసేస్తుంది. మనుషులు లేరన్నది దాని లోపమైతే, మనుషుల్ని చేర్చడం దానికి మందు కాదు.

అలాగని ఐటినరీలు రాయడం మానెయ్యాలా? నా మిత్రులకి నర్సాపురంలో దొడ్డమ్మ లేదు. వాళ్ళకి టిఫిన్ ఎక్కడ బావుంటుందో, పంటు ఎక్కడ ఎక్కాలో ఎవరో ఒకరు చెప్పాలి. ఊరి చిన్న హోటల్‌కి ఆ నాలుగు ప్లేట్ల బేరం కూడా అవసరమే. వీరాస్వామయ్య చేసింది కూడా ఆ ఉపకారమే. నా తగాదా జాబితాతో కాదు, ‘ఒక్కరోజులో’ అనే మాటతో, ‘కవర్ చేసేశాం’ అనే మాటతో. ఆ రెండూ కలిసి, ఊరు అనేది అయిపోయే వస్తువని చెబుతాయి. పూర్తిచేసి టిక్ పెట్టుకునే టికెట్‌లాగా. మంచి ఐటినరీ తను ఏం చూపించలేదో తనే ఒప్పుకోవాలి. అరగంట అని రాస్తే, అది ఎవరి నలభై ఏళ్ళ మీద గీసిన అరగంటో దాచకూడదు.

చివరికి నేను చేసిన మార్పులు మూడే. శీర్షికలో ‘ఒక్కరోజులో’ తీసేశాను. పంటు దగ్గర ‘మస్ట్ ఎక్స్‌పీరియన్స్’ తీసి ‘వంతెన లేదు, వరదలప్పుడు ఆగిపోతుంది’ అని రాశాను. ‘అరగంట చాలు’ తీసి ‘బేరం ఆడొద్దు’ అని పెట్టాను. దొడ్డమ్మని పెట్టలేదు.

గ్రూపులో ఒకడు అడిగాడు, "బ్రో, పదకొండుకీ రెండుకీ మధ్య గ్యాప్ ఏంటి, అక్కడ చూడ్డానికి ఏముంది?" అని.

అమ్మ పక్కనే ఉంది. చదివి వినిపించాను.

"వాళ్ళమ్మ వాళ్ళది ఏ ఊరో అడుగు," అంది.